ఇంటి సర్ఫు

ఆదివారం పొద్దున్న పున్నయ్య సర్ఫు డబ్బాలో చెయ్యి పెడితే గోళ్ళకి అడుగు తగిలింది. డబ్బాని బోర్లించి, వెనకవైపు నాలుగు దెబ్బలు చరిచి, మూలల్లో పేరుకున్నది కూడా రాల్చాడు. అంతా కలిపితే ఇంకో రెండు ఉతుకులకి వస్తుందేమో. ఇంట్లో ఏ సరుకు నిండుకున్నా మొహం మాడ్చుకునే మనిషి, ఇవాళ మాత్రం లోలోపల సంబరపడ్డాడు. అన్నమ్మకి ఫోన్ చేసి చెప్పడానికి ఒక కబురు దొరికింది.

అన్నమ్మ తిల్దా వెళ్ళి ఐదో నెల నడుస్తోంది. కూతురు దివ్యకి రెండో కాన్పు. అల్లుడు మురళీమోహన్ అక్కడి రైసుమిల్లులో లెక్కలు రాస్తాడు. అతని తల్లికి మోకాళ్ళు పనిచెయ్యవు. రెండు నెలలుండి వచ్చేస్తానని నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని అన్నమ్మ బండెక్కింది. రెండు నెలలయ్యాక, పిల్లాడికి ఇంకా మెడ నిలవలేదంది. మెడ నిలిచాక, దివ్యకి నడుం నొప్పంది. నడుం కుదుటపడ్డాక, పెద్దదాన్ని బళ్ళో వేశారు, దానికి కాస్త అలవాటు కానీయండంది. పోనీ తిల్దా ఏమైనా దేశంకాని దేశమా అంటే అదీ కాదు, వీళ్ళుండే రాయపూర్‌లో పాసింజరెక్కి ఒక కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. పున్నయ్య బారసాలకి వెళ్ళి, భోంచేసి, సాయంత్రం బండికి తిరిగొచ్చినవాడు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పనేమీ లేకుండా అల్లుడింట్లో వెళ్ళి కూర్చుంటే ఏం బాగుంటుంది అనేది పైకి చెప్పే కారణం. రైలుకి డబ్బులు తగలెయ్యడం ఎందుకనేది అసలు కారణం. ఈ రెంటికీ అడుగున ఇంకొకటి ఉంది. వెళ్ళి, ఇంటికి రమ్మని అడిగాక, అన్నమ్మ రానంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అతను లేచి ఏదో ఒక పని చూసుకునేవాడు.

"నేను," అన్నాడు ఫోన్‌లో.

"ఆఁ, చెప్పండి."

"డబ్బా అయిపోవొచ్చింది."

"ఏ డబ్బా?"

"సర్ఫుదే."

అని ఆగాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఇంటి తాళం తియ్యడానికి మనసు రావడం లేదనీ, ఎంత కొలిచి పోసినా ఒక్కడికి వండిన అన్నం మిగిలిపోతోందనీ, రేడియో పెడితే చికాకు, తీసేస్తే మరీ చికాకు అనీ చెప్పాలని ఉంది. అవన్నీ నోటితో అనే మాటలు కావు గనక డబ్బా అయిపోవొచ్చింది అన్నాడు. ఇంతకంటే విప్పి ఎవరు చెబుతారని అతని ఉద్దేశం.

"ఐతే ఈశ్వర్ కొట్లో ఓ పాకెట్టు తెచ్చీసుకోండి," అంది అన్నమ్మ.

"పాకెట్టా? దివ్య పుట్టిన కాణ్ణించి ఈ ఇంట్లోకి పాకెట్టు రాలేదు. ఇప్పుడు తెస్తానేటి? ఎలా చెయ్యాలో చెప్పు, నేనే చేసుకుంటాను."

మీ వల్ల కాదు, ఉండండి, రేపే వస్తున్నాను అంటుందని అతని ఎత్తు. ఆ ఎత్తు పారలేదు. అన్నమ్మ నింపాదిగా చెప్పుకుపోయింది.

"పెరట్లో పట్టా పరిచి సోడా పొయ్యండి. నడిమిన గొయ్యిలా చేసి స్లర్రీ సన్నంగా పొయ్యాల. ఒకేపాలి దిమ్మరించీకండి, ఉడికిపోద్ది. పోస్తూ అరిచేతుల్తో నలుపుతూ ఉండాల. ఆనక ఉప్పు. ఓ పూటంతా ఆరబెట్టి జల్లెడ పట్టీడమే."

"అంతేనా?"

"అంతే," అంది. మళ్ళీ, "మొహం దూరంగా పెట్టుకోండి. ఘాటు కొడతది," అని చెప్పి, పిల్లాడు లేచాడని ఫోన్ పెట్టేసింది.

*

ఆ మధ్యాహ్నమే గోల్‌బజారుకి వెళ్ళి బట్టల సోడా, స్లర్రీ తెచ్చుకున్నాడు. స్లర్రీ అంటే పాకంలా చిక్కగా, నల్లగా ఉండే యాసిడ్. సర్ఫు నురగెత్తేది దానివల్లే. ఈ విద్యని ఇంట్లోకి తెచ్చింది పున్నయ్యే. తను పనిచేసే మిల్లుకి గ్రీజు అమ్మడానికొచ్చే ఒకాయన దగ్గర సంపాదించుకొచ్చి భార్యకి వివరంగా చెప్పాడు. చెప్పడం వరకే అతని వంతు. ఆమె చేస్తున్న రోజున ఘాటుకి తుమ్ములొస్తాయని పేపరు పట్టుకుని వీధి గట్టు మీదకి వెళ్ళిపోయేవాడు.

ఇవాళ పట్టా పరిచి, సోడా పోసి, నడుమ గొయ్యి చేసి, పంచె ఎగ్గట్టి గొంతుక్కూచున్నాడు. మొదట సన్నంగానే పోశాడు. ఎంతసేపు పోసినా డబ్బా తరగడం లేదు. వీపు లాగుతోంది. ఇంత నాజూకు దేనికని డబ్బాని వంచేశాడు. స్లర్రీ ముద్దగా పడి, సోడాలో బుసబుసమని పొంగింది. గుప్పున లేచిన ఘాటుకి గొంతు పట్టుకుపోయి, కళ్ళలోంచి నీళ్ళు కారాయి. దగ్గుతూనే రెండు చేతులూ పెట్టి కలిపాడు. పొడి కావలసింది పిండిముద్దలా సాగింది. వేళ్ళ సందుల్లో అంటుకుని వదలడం లేదు. వెచ్చగా ఉంది. వెచ్చగా ఉందని మొదట హాయిగానే అనిపించింది కూడా.

పక్కింటి సాహూల కోడలు గోడ మీదుంచి తొంగి చూసింది. "చాచీ ఇంకా రాలేదా?" అని అడిగింది హిందీలో. రాలేదన్నాడు. "చాచీ అయితే ముక్కుకి గుడ్డ కట్టుకునేది. చేతులకి పాలకవర్లు తొడుక్కునేది," అంది.

"పాలకవర్లా?"

"అవి చిరిగిపోయేవి అంకుల్. చిరిగాక ఉత్త చేతుల్తోనే చేసేది."

పున్నయ్యకి ఈ సంగతి తెలియదు. తెలియదని ఆ పిల్లకి తెలియకూడదని, తెలిసినట్టే తలూపాడు.

పొద్దువాలేసరికి అరిచేతులు ఎర్రబడ్డాయి. మర్నాటికి మంట మొదలైంది. అన్నం కలుపుకుంటే పచ్చడి కారం చుర్రుమంది. మూడోనాటికి బొటనవేళ్ళ దగ్గర చర్మం పొరలు పొరలుగా లేచింది. అన్నమ్మ చేతులు అతనికి గుర్తున్నాయి. వేళ్ళ కణుపుల దగ్గర నల్లటి పగుళ్ళుండేవి. ఆడవాళ్ళ చేతులు అంతే కాబోలు అనుకున్నాడు, అంట్లు తోముతారు గదా అనుకున్నాడు. పడుకోబోయేముందు ఆమె కొబ్బరినూనె రాసుకుంటే, తలగడ జిడ్డవుతుందని విసుక్కునేవాడు కూడా. ఇప్పుడు ఆ కొబ్బరినూనె సీసా ఎక్కడ పెట్టిందో వెతుక్కుని, ఎంత రాయాలో తెలియక, మోచేతుల దాకా కారేంత పోసుకున్నాడు.

ఎలాగైతేనేం, ముద్దల్ని రోకలితో దంచి, జల్లెడ పట్టి, సర్ఫు అనిపించాడు. నురగ వచ్చింది. మురికీ వదిలింది. ఆరిన చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు. కిరసనాయిలు దీపం ఆర్పాక వచ్చేలాంటి వాసనొకటి చొక్కాలోంచి కొడుతోంది. అన్నమ్మ ఉతికిన బట్టలు ఇలా ఉండేవి కావు.

బీరువా తెరిచాడు. అడుగు అరలో ఆమె వెళ్ళేముందు ఉతికి మడతపెట్టిన దుప్పటి ఉంది. చుట్టాలొస్తే వేస్తారని దాన్ని అతను ఇన్నాళ్ళూ కదపలేదు. మడత విప్పకుండానే మొహానికి ఆనించుకున్నాడు. ఆ వాసన ఉంది. మల్లెలని గట్టిగా చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఎండ, నీలిమందు, దాని వెనక ఒక మెత్తటి పూలవాసన. ఉదయం చొక్కా తొడుక్కుంటే అది, రాత్రి పక్క మీద వాలితే అది. అన్నమ్మ పక్కనుంచి నడిచి వెళ్ళినా అదే. సోడాకీ యాసిడ్‌కీ అంత వాసన ఎక్కణ్ణుంచి వస్తుందని అతను ఏనాడూ అనుకోలేదు. కొందరి చేతి వంటకి రుచి వచ్చినట్టు, ఇది అన్నమ్మ హస్తవాసి అనుకున్నాడు. బీరువా ముందు అలా ఎంతసేపు నిలబడ్డాడో, డ్యూటీ బస్సు వెళ్ళిపోయింది.

*

పున్నయ్య ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో స్టోర్‌కీపరు. బోల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు, కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకి తోలు గ్లౌజులు, అన్నీ అతని చేతిమీదుగా వెళ్ళాలి. పాత జత తెచ్చి చూపిస్తే గాని కొత్త జత ఇవ్వడు. అలాగని మిల్లు సరుకులో మేకు ముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళిన మనిషి కాదు. ఆ పేరు అతనికి ఉంది, ఆ పేరంటే అతనికి ఇష్టం.

ఇంకొక పేరు కూడా ఉంది. మిల్లులో తెలుగువాళ్ళు నలుగురైదుగురు కలిసి టీ తాగేచోట అతని ఇంటి సర్ఫు ప్రస్తావన రాని నెల లేదు. "మా ఇంట్లో సబ్బుకి ఖర్చన్నదే లేదు. అంతా మనిషి తెలివిలో ఉంది," అనేవాడు. చిన్న చిన్న పొట్లాలు కట్టి పంచేవాడు. కాటా దగ్గర గుమాస్తా భీమారావు భార్య ఆ పొట్లం వాడి, సూత్రం అడిగి తెప్పించుకుని, తానూ చేసింది. నురగ వచ్చింది గాని ఆ వాసన రాలేదట. "చెయ్యి తిరగాలి," అన్నాడు పున్నయ్య అప్పుడు, మీసం సవరించుకుంటూ.

ఆ భీమారావే, బస్సు తప్పిన ఆ రోజు టీ దగ్గర పక్కన కూర్చుని ముక్కు ఎగబీల్చాడు. "ఏటి పున్నయ్యగారూ, ఇంకా మేడమ్ రానట్టున్నారు?"

"ఎలా తెలిసింది?"

"చొక్కా చెప్తోంది కదేటి," అని నవ్వి, నవ్వుతూనే అతని చేతుల వైపు చూశాడు. "అరె, ఇదేటిది? జల్‌గయా క్యా, కాలిందేటి? గ్లౌజులు తొడుక్కోలేకపోయారా, స్టోరంతా మీ చేతిలోనే ఉంది."

అతను వేళాకోళానికే అన్నాడు. పున్నయ్య మాత్రం టీ సగంలో వదిలి స్టోరులోకి వచ్చేశాడు. అరలో గ్లౌజులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఇవి కాకపోయినా, బజారులో రబ్బరు గ్లౌజులు దొరుకుతాయి. అన్నమ్మ ఒకసారి అడిగినట్టు లీలగా గుర్తుంది. నువ్వేమైనా ఆసుపత్రి డాక్టరమ్మవా అని తను అన్నట్టు మాత్రం బాగా గుర్తుంది. ఆమె నవ్వింది. నవ్వింది గనక ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేశాడు.

"సర్ఫులో ఇంకేటి కలుపుతావు?"

"ఏటీ కలపను."

"నాకు ఆ వాసన రావడం లేదు."

అవతల ఉయ్యాల చీర కిర్రుకిర్రుమంటోంది. వినలేదేమోనని హలో అన్నాడు.

"ఎండ చాల్లేదేమో," అంది అన్నమ్మ. "మబ్బుగా ఉంది గావాల అక్కడ."

రాయపూర్‌లో ఎండ నేల మీద నీళ్ళు చల్లితే పెనం మీద పడ్డట్టు ఆవిరయ్యేట్టుంది. ఆ మాట అనబోయి, ఎందుకో అనలేదు. చేతుల మంట గురించీ చెప్పలేదు. "సరే మరి," అన్నాడు. "సరే," అంది. ఇద్దరిలో ఎవరూ పెట్టెయ్యకుండా కాసేపు అలాగే ఫోన్ పట్టుకున్నారు.

*

శుక్రవారం సాయంత్రం టీపొడి కోసం ఈశ్వర్ కొట్టుకి వెళ్ళాడు. ఈశ్వర్ సింధీ, బీర్గావ్‌లో పున్నయ్య వాళ్ళ వీధి పుట్టినప్పట్నుంచీ అతని కొట్టు ఉంది. పున్నయ్య అందులో అరువు పెట్టిందీ లేదు, అనవసరమైన సరుకు కొన్నదీ లేదు.

"భాభీజీ ఎప్పుడొస్తారు సాబ్?" అన్నాడు ఈశ్వర్ టీపొడి కడుతూ. "ఆవిడ పాకెట్టు అలాగే తీసి పక్కన పెట్టి ఉంచాను. ఈ రకం కంపెనీవాడు తక్కువ పంపిస్తున్నాడు, అయిపోతుందని."

"ఏ పాకెట్టు?"

ఈశ్వర్ బల్ల కింద చెయ్యిపెట్టి చిన్న గులాబీరంగు పాకెట్టు తీశాడు. మీద మల్లెపూల బొమ్మ. బట్టలుతికే పౌడరు.

"నెలకొకటి తీసుకుంటారు. ఇదిగో, ఇక్కడే విప్పుకుని, తన డబ్బాలో పోసుకుని, కవరు నాకే ఇచ్చేస్తారు. మీరు పారెయ్యండి భయ్యా, ఇంటికి తీసుకెళ్ళను అంటారు. ఇంట్లో చెత్త పెట్టుకోరు, చాలా సాఫ్ మనిషి," అన్నాడు మెచ్చుకుంటూ.

పున్నయ్య ఆ పాకెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొట్టమొదట వచ్చింది కోపమే. ఇన్నేళ్ళు మిల్లులో మీసాలు మెలేసి చెప్పుకున్నదంతా ఈ కవరు పుణ్యమా? భీమారావు భార్య దగ్గర, ఆ గ్రీజాయన దగ్గర, కన్న కూతురి దగ్గర తను కొట్టుకున్న గొప్పలన్నీ ఒక్కసారే వెనక్కొచ్చి తల కొట్టేసినట్టయింది. సాహూల ఇంట్లో చీరలకి ఫాల్స్ కుట్టిన డబ్బులు ఏం చేస్తావని తను అడిగితే, పువ్వులు కొనుక్కుంటాననేది. నిజమే చెప్పింది, పాకెట్టు మీది బొమ్మవైతేనేం.

తర్వాత అతని చూపు ఆ బల్ల మీద పడింది. రేకు తాపడం చేసిన పాత బల్ల. అన్నమ్మ ఇక్కడ నిలబడేది. వీధిలోకి ఒకసారి చూసుకుని, పాకెట్టు మూల పంటితో కొరికి, డబ్బాలో ఒంపుకుని, ఒక్క పలుకు కింద పడకుండా దులుపుకుని, ఖాళీ కవరు అటు తోసేసి, కొంగు కప్పుకుని ఇంటికొచ్చేది. దొంగసరుకు కాదు, మందు కాదు, మాకు కాదు. కట్టుకున్న మొగుడు చూస్తాడని ఒక సబ్బు కవరుకి భయపడింది. పున్నయ్యకి కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది, అది కదల్లేదు.

"పెద్దది ఉందా?" అన్నాడు.

"ఆవిడ చిన్నదే తీసుకుంటారు సాబ్."

"నువ్వు పెద్దది ఇయ్యి."

ఇంటికొచ్చి తలుపు వేసుకుని పాకెట్టు మూల కొద్దిగా కత్తిరించి వాసన చూశాడు. అదే. అయినా అది కాదు. ఘాటుగా, కొట్టు వాసనతో, ముక్కులోకి దూసుకొచ్చింది. దుప్పటి తీసి పక్కన పెట్టుకుని, ఒకసారి దాన్నీ ఒకసారి దీన్నీ చూశాడు. దుప్పట్లో ఉన్నదేదో పాకెట్లో లేదు. ఇంత తెలిశాక కూడా, వాసన దొరికాక కూడా, ఇల్లు మొన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. అన్నమ్మ లేదు. ఆమె లేకుండా ఇక ఒక్క వారం కూడా ఉండలేనని అతనికి మొదటిసారి మాటల్లో తెలిసింది. పాకెట్టుకి పిన్నీసు పెట్టి సంచిలో వేసుకున్నాడు.

*

ఆదివారం పొద్దున్న పాసింజరెక్కి తిల్దాలో దిగాడు. రైసుమిల్లుల వెనక వీధిలో దివ్య వాళ్ళ ఇల్లు. ఉడికిన ధాన్యం వాసన, గొట్టంలోంచి రాలే ఊక బూడిద. దివ్య గుమ్మంలోనే తెల్లబోయింది.

"నాన్నా, ఏటిది, అచానక్? ఫోనైనా చెయ్యలేదు. మీరొస్తున్నారని ఆయనకి చెప్పేదాన్ని కదా, మిల్లుకెళ్ళిపోయారు." లోపలికి తీసుకెళ్ళి, వియ్యపురాలి పలకరింపు అయ్యాక, మంచం మీద కూర్చోబెట్టి, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టి, ఫిర్యాదు మొదలెట్టింది. "చూడండి, ఈ బూడిదకి ఒక్క గుడ్డ తెల్లగా ఉండదు. పాకెట్ల మీద పాకెట్లు అయిపోతున్నాయి. అమ్మని మన ఇంటి సర్ఫు చెయ్యవే అంటే, మర్చిపోయాను అంటోంది. అన్నేళ్ళు చేసి ఎవరైనా మర్చిపోతారా? మీరైనా అడగండి."

పున్నయ్య ఒళ్ళోని పిల్లాడి వైపు చూశాడు. "మర్చిపోతారమ్మా," అన్నాడు. "అది కష్టమైన పని."

దివ్య తండ్రి మొహంలోకి వింతగా చూసింది. అన్నమ్మ అప్పుడే గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. కొంచెం ఒళ్ళు చేసింది. గ్లాసు అందుకోబోయి పున్నయ్య ఆ చేతిని చూశాడు. పగుళ్ళు లేవు. నల్లటి గీతలు లేవు. వేళ్ళు గులాబీరంగులో, నున్నగా, ఎవరో తెలియని మనిషి వేళ్ళలా ఉన్నాయి. అతను ఆ చెయ్యి చూస్తే, ఆమె అతని చెయ్యి చూసింది. గ్లాసు కింద పెట్టి, అతని మణికట్టు పట్టుకుని, అరిచెయ్యి వెల్లకిలా తిప్పింది.

"చేసీసారేటి?"

"చేసాను."

"ఒకేపాలి దిమ్మరించీసుంటారు."

"దిమ్మరించీసాను."

ఆమె లోపలికెళ్ళి, పిల్లాడికి రాసే నూనెగిన్నె తెచ్చింది. కూతురు చూస్తుందని పున్నయ్య చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఒక్కొక్క వేలే పట్టుకుని, పొరలు లేచినచోట ఆగి ఆగి, నెమ్మదిగా రాసింది. దివ్య ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక, పెరట్లో తీగ మీది బట్టలు తియ్యడానికి అన్నమ్మ వెళితే వెనకాలే వెళ్ళాడు. సంచిలోంచి పాకెట్టు తీసి, రాతి మీద పెట్టాడు. ఆమె దాన్ని చూసి, చేతిలో చీరతో అలాగే నిలబడిపోయింది.

"ఈశ్వర్ చెప్పాడా?"

"ఊఁ."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. ఆనక పోయింది."

"నా డబ్బుల్తోనే కొన్నాను."

"తెలుసు."

"ఆ స్లర్రీ వాసన నాకు పడదండీ. పక్కేసుకుంటే కడుపులో తిప్పేది. పిడికెడు ఇది కలిపితే అంతా బాగుండేది. మీతో చెప్పాలనే ఉండేది."

"చెప్తే అరిచీవాణ్ణి."

"అరవరు మీరు. లెక్క చెప్తారు. ఆ లెక్కకి నా దగ్గిర జవాబుండదు," అంది అన్నమ్మ, చీర మీది బూడిద దులుపుతూ.

బండిలో వస్తూ పున్నయ్య అనుకున్నది ఒకటే. అడిగి, సాయంత్రం ఆమెని వెంటబెట్టుకుని వెళ్ళిపోవాలి. ఇప్పుడు ఆ చేతులు ఎదురుగా కదులుతుంటే ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియలేదు. ఇక్కడ ఆమె చేతులు బాగుపడ్డాయి. తన ఇంట్లో పాడయ్యాయి. ఎంత కష్టమైనా సరే, న్యాయమైన మాట అనాలనుకున్నాడు. ప్రాణం ఉగ్గబట్టుకుని అనేశాడు.

"నీకు ఎన్నాళ్ళుండాలనుంటే అన్నాళ్ళుండు. నా గురించి చూసుకోకు. నేను నెట్టుకొస్తాను."

తను ఆమెకి ఇచ్చినవాటిలో ఇదే పెద్దదనుకున్నాడు. అన్నమ్మ మొహం మాత్రం చిన్నబోయింది. చీర మడత సగంలో ఆగింది.

"ఈ మాట చెప్పడానికొచ్చారా ఇంత దూరం?"

"మరి, నీకిక్కడ బాగుంది కదా."

"బాగానే ఉంది. మనవలున్నారు, బాగోక ఏం చేస్తాది?" సగం మడిచిన చీరని మళ్ళీ విప్పేసింది. "ఐదు నెలలుగా ఫోన్ మోగిందంటే చాలు, పిల్లాణ్ణి కింద పడేసి పరిగెట్టేదాన్ని. గ్యాస్ అయిపోవొచ్చింది అన్నారు. సాహూల పిల్లి పాలు తాగీసింది అన్నారు. డబ్బా అయిపోవొచ్చింది అన్నారు. అన్నీ చెప్పారు. రా అని ఒక్కపాలి అన్నారేటి?"

"అదే కదా చెప్పాను."

"ఎప్పుడు?"

"డబ్బా అయిపోవొచ్చింది అన్నానా."

అన్నమ్మ అతని మొహంలోకి చూసింది. హాస్యానికి అంటున్నాడేమోనని చూసింది, కాదు. మనిషి నిజంగానే చెప్పాననుకుంటున్నాడు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, చీర చెరగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"డబ్బా అంటే డబ్బాయే అనుకున్నాను నేను," అంది. "నేను మీకు కావాల్సింది దాని కోసమే కాబోలు, అది ఒకరు చేసి పెడితే నాతో పనేటి అనుకున్నాను. అందుకే ఎలా చెయ్యాలో చెప్పీసాను."

పున్నయ్య ఆ రాతి మీదే, పాకెట్టు పక్కకి జరిపి, కూర్చున్నాడు. తల దించుకుని, నూనె మెరుస్తున్న తన చేతుల్నే చూసుకుంటూ, మాట మాట ఏరుకుంటూ చెప్పాడు.

"ఇల్లు బాగోలేదు అన్నమ్మా. తాళం తియ్యబుద్ధి కాదు. సర్ఫు వద్దు, వంట కూడా వద్దు, నేనే ఏదో ఒకటి ఉడకేస్తాను. నువ్వు లేకుండా నాకు ఉండబుద్ధి కావడం లేదు. నువ్వు రా. సాయంత్రం బండికి వెళ్ళిపోదాం."

అని తలెత్తలేదు. అన్నమ్మ తీగ మీద మిగిలిన బట్టలు ఒకటొకటిగా తీసింది. పిల్లాడి పొత్తిళ్ళు, అల్లుడి చొక్కాలు, తన రెండు రవికలు. అన్నీ భుజాన వేసుకుని, అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇవాళ రాను," అంది.

పున్నయ్య ఐదు నెలలుగా ఏ మాటకి భయపడి మళ్ళీ ఈ ఊరు రాలేదో, ఆ మాట వినేశాడు. సరేనన్నట్టు తలూపబోయాడు.

"వచ్చే ఆదివారం రండి. వచ్చి మళ్ళీ అడగండి. ఇప్పుడు అడిగినట్టే."

"మళ్ళీ ఎందుకు? ఇప్పుడడిగాను కదా."

"ఈ మాట పెళ్ళయ్యాక ఇదే వినడం. ఒక్కపాలి వినీసి సంచి సర్దీసుకుంటానేటి? వారం రోజులు కూకుని తలుచుకోవాల. ఆనక మళ్ళీ వినాల."

"మళ్ళీ రానూపోనూ టిక్కెట్టు..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. అన్నమ్మ వినేసింది. విని, భుజం మీది బట్టలు జారిపోయేంతగా నవ్వింది. లోపల్నుంచి దివ్య ఏమైందమ్మా అని కేకేసింది. ఏమీ లేదే, మీ నాన్న అంది.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. బైకుంఠ్ దాటాక పున్నయ్యకి ఒక భయం పట్టుకుంది. ఆ మాట ఎలా అన్నాడో తనకే సరిగ్గా గుర్తు రావడం లేదు. తాళం ముందా, సర్ఫు ముందా? పెదాలు కదుపుతూ మెల్లగా అనుకున్నాడు. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోయాయి. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. సిలియారిలో ఎక్కిన కూరగాయల ముసలమ్మ ఎదురు బల్ల మీద తట్ట సర్దుకుంటూ, నాతోనా బాబూ మాట్లాడుతున్నావు అని తన భాషలో అడిగింది. కాదన్నాడు. ఆవిడ మొహం తిప్పుకున్నాక, నువ్వు రా, అని ఇంకోసారి అన్నాడు. ఈసారి కాస్త నయంగా వచ్చింది. ఆదివారానికి ఇంకా వారం ఉంది.